షిఫ్టు డ్యూటీ, గుండెల బుగులు, పొద్దుగాల లేవబుద్ధి కాదు. మీరు రోజు ఎట్ల ఎల్లదీస్తున్నరు?

జడ్చర్ల తమ్ముడు:

అందరికి నమస్తే. నాకు 31 ఏండ్లు. మా ఊరు జడ్చర్లకు దగ్గర్లనే. పోలేపల్లి సెజ్‌ల ఒక మందుల కంపెనీల ప్యాకింగ్‌ల పనిచేస్త. వారానికో షిఫ్టు మారుతది. ఒక వారం పొద్దుగాల 6 నుంచి 2, తర్వాత 2 నుంచి రాత్రి 10, ఆ తర్వాత రాత్రి 10 నుంచి తెల్లారి 6.

పోయిన ఎండకాలం సంది పాణం మంచిగుంటలేదు. బండి మీద హైవే ఎక్కంగనే గుండె దడదడ కొట్టుకునుడు మొదలైంది. చేతులు తిమ్మిర్లు, దమ్ము సాలదు, ఇప్పుడే పడిపోత అన్నట్టు అయితది. గుండె జబ్బనుకొని ఈసీజీ, టూడీ ఎకో తీపిచ్చిన. మంచిగున్నదన్నరు. థైరాయిడ్, షుగర్, రక్తం గూడ చూసిండ్రు, ఏం లేదు. ఏం లేదంటే సంతోషపడాలె గదా, నాకేమో ఇంకింత భయం పట్టింది. ఏం లేకుంటే మరి ఇదేంది?

ఇగ బండి పక్కకు పెట్టిన. దోస్తు వెనుక కూసొని పోత, లేకుంటే లీవు. పెండ్లిళ్లకు పోవుడు బంద్. ఇంతకుముందు ఆదివారం క్రికెట్ ఆడెటోన్ని, ఇప్పుడు గ్రౌండు పక్కకెళ్లి పోతుంటే ఎవలన్న పిలుస్తరేమోనని తల దించుకుంట. తెల్లారగట్ల మూడింటికి మెలుకువ వస్తది. బాపు తెచ్చిన అప్పు, ఎండిన బోరు, పాప బడి ఫీజు, అన్ని అప్పుడే యాదికొస్తయ్. పొద్దెక్కినంక లేద్దామంటే ఒళ్లు రాదు. ఎవలు పలకరిచ్చినా యాష్ట.

పాలమూరుల మానసిక డాక్టరు దగ్గరికి పోయిన. డిప్రెషన్, దానితోపాటు యాంగ్జైటీ, ఆ దడ పానిక్ అటాక్ అని చెప్పిండు. ఎస్సిటలోప్రామ్ 10 రాసిండు, కొన్నాళ్ల కోసమని క్లోనజెపామ్ చిన్నది. మొదలువెట్టి ఇంక నెల కాలే. మందులు డబ్బాలల్ల పెట్టెటోడివి నువ్వే మందుకు భయపడితివా అని మా దోస్తులు నవ్వుతరు. భయం ఉన్న మాట నిజమే గాని వేసుకుంటున్న, ఆపను.

నేనడిగేది వేరే. సారు పది నిమిషాలు చూసి పంపుతడు, బయట లైను ఉంటది. మిగిలిన టైమంత నాదే గదా. పొద్దుగాల లేచినకాంచి రాత్రి పండుకునేదాంక మీరు ఏం చేస్తున్నరు? నిజంగ చేసేటియి చెప్పుండ్రి. యూట్యూబుల చెప్పే ముచ్చట్లు మస్తు ఇన్న. ఇంకోటి, నిద్ర కోసం అప్పుడప్పుడు కల్లు కాడికి పోతున్న, దాని మీద గూడ చెప్పుండ్రి. తిట్టినా సరే.


దేవరకొండ అన్న:

ఆ గోలీలు అలవాటైతే జిందగీల ఇడవవు తమ్మి. పొద్దుగాల లేచి యోగా చెయ్యి, మైసమ్మకు మొక్కు, మనసు గట్టిగ చేస్కో. మా తాతలకు ఏ డిప్రెషన్ ఉండె? పని లేక వచ్చే జబ్బులు ఇవి.


మిషన్ అక్క, నల్గొండ:

దేవరకొండ అన్నా, వారానికో షిఫ్టు చేసెటోనికి పని లేక వచ్చింది అంటివి. సరే, నీ మాట పక్కకు పెడ్తున్న. నేనైతే మొక్కిన, తాయెత్తు గూడ కట్టుకున్న. మా అత్త లతీఫ్ సాబ్ గుట్ట ఎక్కిపిచ్చి దర్గాల కట్టిపిచ్చింది. కాదనలే. తాయెత్తు దండకు ఉన్నది, గోలీ కడుపులకు పోయింది. రెండు ఒకదాన్ని ఒకటి అడ్డుకోలే.

తమ్ముడు, నాకు 44. క్లాక్ టవర్‌కు దగ్గర ఒక గల్లీల కుట్టు మిషన్ పెట్టుకున్న. నీకు బండి అయితే నాకు బస్సు. హైదరాబాద్ పోతుంటే నార్కట్‌పల్లి దాటినంక గాబర అయింది, చిట్యాలల దిగి రోడ్డు మీద కూసున్న. ఆ తర్వాత బస్సు అంటే బుగులు, ఆ తర్వాత బజారంటే, ఆ తర్వాత తలుపు తీసుడే బుగులు. దాని ఎంబడే రంది వచ్చింది. గిరాకీలు గుడ్డ ఇచ్చిపోతే మూట ఇప్పకుండ ఉన్న దినాలు ఉన్నయ్. డాక్టరమ్మ గోలీలు ఇచ్చింది, మంచిగైనంక మెల్లగ తగ్గిచ్చి బంద్ చేపిచ్చింది, కొన్నేండ్లకు మల్ల తిరగబెట్టింది, ఇప్పుడు మల్ల వాడుతున్న. గోలీ నన్ను మంచం మీదికెళ్లి లేపి కూసోపెట్టింది. లేచినంక ఏం చేయాలెనో అది చెప్పదు. నువ్వడిగేది గదే, అందుకే ఇంత రాస్తున్న.

మొదలు ఒకటి. పాణం మంచిగైనంక పని చేద్దాం, మనసొచ్చినంక లేద్దాం అని కూసుంటే ఆ దినం రాదు. కాలు తొక్కితేనే మిషన్ తిరుగుతది. తిరిగినంక తొక్కుత అంటే అయితదా? మనసు లేకున్నా చేతులు కదిపితే మనసు ఆలస్యంగనైనా ఎనుక నుంచి వస్తది. అయితే ఆ పని ఎంత చిన్నగ ఉండాలెనో దాని కాడనే అంత ఉన్నది. నేను మూడు లెక్కలు పెట్టుకున్న. పాణం మంచిగున్న దినం బ్లౌజు పూర్తిగ కుడ్త. జర బాగలేని దినం కుట్టిన దానికి హుక్స్ పెడ్త, అంతే. మరీ అధ్వానం ఉన్న దినం లైనింగ్ గుడ్డ నీళ్లల్ల నానబెట్టి ఆరేస్త. లైనింగ్ తడిపి ఆరబెట్టకుండ కుడితే ఉతికినంక ముడుచుకపోతది, కాబట్టి అది గూడ పనే, ఉత్తగ చేసింది కాదు. ఆ దినం ఇంత పని అయిందని లెక్కల రాసుకుంట. అధ్వానమైన దినం నాడు మంచి దినం లెక్క పెట్టుకుంటే మాత్రం మల్ల మంచం ఎక్కుడే.

ఇంకోటి నాకు నేనే కనుక్కున్న. రాత్రి మిషన్ మూసేముందు పని పూర్తిగ ఒడగొట్టను. భుజం కుట్టు సగంల ఆపుత, సూదిల దారం అట్లనే ఉంచుత. పొద్దుగాల ఏం చేద్దామని ఆలోచన చేసే అవసరం లేకుంట కాలు పెట్టి తొక్కుడే. ఒడగొట్టి లేసిన మర్నాడు కొత్త గుడ్డకు కత్తెర పెట్టాలంటే చెయ్యి రాదు. నువ్వు రాత్రే తెల్లారి ఏస్కునే అంగి, నీళ్ల బాటిల్, చెప్పులు తలుపు కాడ పెట్టుకో. నవ్వకు. రంది ఉన్నోనికి అంగి ఏదేస్కుందు అనుడే గుట్టెక్కినంత పని.

మెలుకువ వచ్చినంక మంచంల ఆలోచన చేయను. ఇది అలవాటు కావటానికి మస్తు టైం పట్టింది. లేచి వాకిలి ఊడుస్త. చీకటుంటే వంటింట్ల కూసొని చిక్కుడుకాయ తుంపుత. పండుకున్న కాడ ఆలోచన మరిగితే మంచం చూస్తేనే బుగులు లేస్తది. మల్ల నిద్ర వస్తేనే పోయి పండుకో. ఎంత నిద్ర పోయినా పోకున్నా లేచే టైం మాత్రం మారనీయను. నీకు షిఫ్టుల తోని అది కుదరదు, దానికి నర్సమ్మలో ఎవలో చెప్పాలె, నాకు తెల్వదు.

ఇగ అప్పు, బోరు, ఫీజు. అవి అబద్ధం కావు కాబట్టి "ఆలోచన చేయకు" అన్నోన్ని చూస్తే నాకు మండుతది. నేను చేసేది ఏందంటే, ఆలోచనకు ఒక టైం ఇచ్చిన. కొలతలు రాసే పుస్తకం ఎనుక పేజీలల్ల, సాయంత్రం చాయ్ తాగినంక సీరియల్ మొదలయ్యేదాంక. అప్పుడు ఎంత కావాలంటే అంత రంది పెట్టుకుంట. రాసినదాంట్ల నా చేతిల ఉన్నదానికి పక్కన మనిషి పేరు, దినం రాస్త. "చిట్టీ పైసలు, శుక్రవారం, చిట్టీ అక్కను అడుగుడు." నా చేతిల లేనిదాని పక్కన ఏం రాయను, గంతే. తెల్లారగట్ల మూడింటికి అవే వస్తే "సాయంత్రం పుస్తకంల చూద్దాం" అంట. మొదట్ల ఇనవు. రోజు అదే మాట చెప్పంగ చెప్పంగ జర ఇంటున్నయ్. ఎక్కువ శాతం ఆలోచనలకు సాయంత్రం అయ్యేసరికి బలం ఉండదు, ఇది మాత్రం నన్ను ఆశ్చర్యపెట్టింది.

బస్సు సంగతి. డాక్టరమ్మ చెప్పింది, గాబర అయినప్పుడు దిగిపోతే ఆ నిమిషం హాయి అనిపిస్తది, కానీ దిగినందుకే బతికిన అని పాణం నేర్చుకుంటదట. అందుకే దిగకుండ కూసుంటే అదే మెల్లగ దిగుతదని దానికి చూపెట్టాలె అన్నది. మొదలు బస్టాండ్‌ల ఉత్తగ కూసున్న. తర్వాత పల్లెవెలుగు ఎక్కి నార్కట్‌పల్లి. అది బోర్ కొట్టేదాంక అదే చేసిన. ఔ, బోర్ కొట్టుడే గురుతు, అప్పుడే ముందుకు పోవాలె. తర్వాత చిట్యాల, నేను దిగి కూసున్న కాడికే పోయి అక్కడ ఒక సోడా తాగి వచ్చిన. తర్వాత చౌటుప్పల్, ఆఖరికి ఎల్బీనగర్. ఎక్కేముందు పదికి ఎంత బుగులు ఉన్నదో టికెట్ ఎనుక రాసేదాన్ని, దిగేముందు మల్ల రాసేదాన్ని. 2023 డిసెంబర్‌ల ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయినంక జీరో టికెట్లు నా దగ్గర కుప్పలున్నయ్, ఈ పథకం ఎవలికి ఎట్ల పనికొచ్చిందో గాని నా రోగానికైతే పనికొచ్చింది. నీకు టికెట్ పడ్తది తమ్ముడు, ఏం చేస్తం.

కిటికీ పక్కనే కూసోవాలె, నీళ్ల బాటిల్ చేతిల ఉండాలె, ఫోన్ల మా ఆయన లైన్ల ఉండాలె, ఇవి నా ఊతకర్రలు. బస్సు అలవాటైనంక ఒక్కొక్కటే ఇడిచిపెట్టిచ్చింది డాక్టరమ్మ. బాటిల్ ఇడుచుడే అన్నిటికంటే కష్టమైంది, ఎందుకో ఇప్పటికీ సమజ్ కాలే.

పనికిరానియి గూడ చెప్త. రాత్రి ఫోన్ల మోటివేషన్ వీడియోలు: ఒకటి చూస్తే పది వస్తయ్, నిద్ర పాయె. "అంత మంచే జరుగుతది" అని అద్దంల చూసుకుంట చెప్పుకునుడు: నాకే నమ్మకం లేని మాట నాకు చెప్తే నవ్వు రాదా. పాటలు ఒట్టి టైంపాస్. చాయ్ మాత్రం నిజంగ తగ్గిచ్చిన, సాయంత్రం తర్వాత బంద్. దుకాణంల గిరాకీ వచ్చినప్పుడల్ల చాయ్ తాగితే గుండె దడ రాక ఏమైతది.

మనుషులు. నేను అందరికి చెప్పలే, మా తోడికోడలుకు ఒక్కదానికే చెప్పిన. చెప్పుడు గూడ వట్టిగ చెప్పలే, ఏం చేయాలెనో చెప్పిన. "ఏమైంది, ఎందుకైంది అని అడుగకు. వచ్చి పక్కన కూసొని కొత్తిమీర తెంపు. సాయంత్రం పానగల్లు కట్ట మీదికి గుంజుకపో, నేను రానన్నా గుంజుకపో." ఉదయసముద్రం కట్ట మీద ఇద్దరం నడుస్తం, ఎక్కువ మాట్లాడం. పెండ్లికి పిలిస్తే మొత్తం ఎగ్గొట్టకుండ అన్నం టైంకు పోయి తిని, చదివిపిచ్చి వస్త. అక్షింతలకు ఉండాలంటే పోనే పోను, తినేటందుకైతే పోత.

ఆషాఢంల పని ఉండదు, ముహూర్తాలు లేవు. అందరు "ఇప్పుడన్న ఆరాం తీస్కో" అంటరు. నాకు అదే గడ్డుకాలం, ఖాళీ నెల కంటే శ్రావణంల అర్ధరాత్రి దాంక కుట్టుడే నయం. అందుకే ఆషాఢంల గిరాకీ లేకున్నా చిన్నపిల్లల లంగా జాకెట్లు కుట్టి పెట్టుకుంట, బతుకమ్మకు పోతయ్. నీకు గూడ లీవు దినాలే ఎక్కువ బరువుంటయని నా అనుమానం. చూసుకో.


స్టాఫ్ నర్సు, నాగర్‌కర్నూల్:

అక్క చెప్పిన పని పద్ధతి, బస్సు పద్ధతి రెండూ డాక్టర్లు వాడే చికిత్సలే. గోవాలో డాక్టర్ విక్రమ్ పటేల్ వాళ్ల బృందం డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చే డిప్రెషన్ రోగులతో ఇట్లనే చిన్న చిన్న పనులు మొదలుపెట్టించింది. ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చోబెట్టి మాట్లాడటమే చికిత్స. మామూలు వైద్యం ఒక్కటే అందినవాళ్ల కంటే వీళ్లలో ఎక్కువమంది కోలుకున్నారని 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. కాబట్టి దీన్ని టైంపాస్ అనుకోకండి.

తమ్ముడూ, మీ దడ గురించి. భయంతో ఊపిరి గబగబా తీసినప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. చేతుల తిమ్మిర్లు, తల తిరగడం, గాలి సాలనట్టు ఉండటం దానివల్లే. గాలి తక్కువై కాదు, ఎక్కువ తీసుకుంటున్నందుకు. అందుకే "గట్టిగా ఊపిరి పీల్చు" అనేవాళ్ల మాట వినొద్దు. మామూలుగా తీసుకొని, మెల్లగా, ఎక్కువసేపు వదలండి. అటాక్ సాధారణంగా పది నిమిషాల లోపల పైకి పోయి, తర్వాత దిగుతుంది.

గోలీల గురించి. ఎస్సిటలోప్రామ్ పని చేసినట్టు తెలియడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో కడుపులో వికారం, గాబర కొంచెం పెరగడం కొందరికి ఉంటుంది. చాలామంది అక్కడే ఆపేస్తారు. అది మత్తు మందు కాదు, కానీ ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు వస్తాయి, అందుకే డాక్టరే తగ్గిస్తూ ఆపాలి. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు. దేవరకొండ అన్న చెప్పిన అలవాటు క్లోనజెపామ్‌కు వర్తిస్తుంది. అందుకే మీ సారు కొన్నాళ్లకే రాశారు. చీటీ లేకుండా మెడికల్ షాపులో అడిగి పొడిగించకండి.

ఇక కల్లు. దీని మీద గట్టిగానే చెప్తా. పాలమూరులో కల్తీ కల్లు సంగతి మీకు నేను చెప్పాలా? చెట్టు కల్లు తక్కువ, దుకాణాల్లో పోసేదాంట్లో అల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలపడం ఈ జిల్లాల్లో ఏండ్ల నుంచి పట్టుబడుతున్నదే. మీరు వాడే క్లోనజెపామ్ కూడా అల్ప్రాజోలం జాతిదే. మీద కల్లు తాగితే రెండూ కలిసి మత్తు పెరుగుతుంది, ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. ఇంకో సంగతి, సాయంత్రం తాగిన మత్తు దిగేటప్పుడు తెల్లారగట్ల మెలుకువ, దడ, చెమటలు వస్తాయి. మీ మూడింటి మెలుకువలో దానికీ వాటా ఉండొచ్చు. అప్పుడప్పుడు తాగేవాళ్లయితే మానేయండి, అంతే. రోజూ తాగే అలవాటున్నవాళ్లు మాత్రం ఒక్కరోజులో బంద్ పెట్టకూడదు. చేతులు వణకడం, ఫిట్స్, పిచ్చిపిచ్చిగా మాట్లాడటం వస్తాయి. మా వార్డులో అలాంటివాళ్లను చూస్తుంటాం. వాళ్లు ఆసుపత్రిలో చూపించుకొనే మానాలి. మీది ఏ రకమో మీ సారుకు దాచకుండా చెప్పండి.

బండి మీద అక్క పద్ధతి ఇప్పుడే మొదలుపెట్టొద్దు. క్లోనజెపామ్ మగత ఉన్నప్పుడు హైవే బండి వద్దు. ముందు కంపెనీ బస్సు, సారు సరేనన్నాక ఊరి లోపల బండి, తర్వాత సర్వీస్ రోడ్డు.

నైట్ షిఫ్టు వారంలో: డ్యూటీలో చాయ్ సగం రాత్రి లోపలే ముగించండి. కెఫీన్ సగం దిగడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. తెల్లారి ఎండ కంట్లో పడకుండా టోపీ, నల్ల అద్దాలు పెట్టుకొని ఇంటికి వచ్చి, చీకటి చేసిన గదిలో వెంటనే పడుకోండి. ఫోను వేరే గదిలో. షిఫ్టు ఏదైనా తినే టైం, నడిచే టైం ఒక పద్ధతిలో ఉండేటట్టు చూసుకోండి.

ఒక్క మాట సూటిగా అడుగుతా. బతకాలని లేదు, చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచన వస్తుందా? అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, అందుకే అడుగుతున్నా. వస్తే ఈ చిట్కాలన్నీ పక్కన పెట్టి ఇంట్లో ఒకరికి చెప్పండి, వెంటనే డాక్టరు దగ్గరికి పోండి. పురుగుల మందు డబ్బాలు ఇంట్లో ఉంటే తాళం వేయించండి లేదా వేరే వాళ్లింట్లో పెట్టించండి. 14416 టెలీ మానస్ (సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరు రాత్రైనా పగలైనా పనిచేస్తుంది, ఫ్రీ, తెలుగులో మాట్లాడొచ్చు.


జడ్చర్ల తమ్ముడు:

నర్సమ్మ, మీరు అడిగినందుకు థాంక్స్. చచ్చిపోవాలని కాదు గాని, పండుకుంటే మల్ల లేవకుంటే బాగుండు అని ఎండకాలంల అనిపించేది. ఈ మధ్యల లేదు. మా ఇంటామెకు చెప్పలే. ఇయ్యాల చెప్త. పత్తి మందు డబ్బాలు బాపు రూంలనే ఉంటయ్, చిన్నాయన వాళ్ల కొట్టంల పెట్టిస్త.

కల్లు మూడింటి సంగతి నాకు తట్టలే. తాగిన దినమే నిద్ర మంచిగ పడుతదనుకున్న, ఎప్పుడు లేస్తున్ననో చూడలే.

మిషన్ అక్కా, లీవు దినాల మాట నిజం. డ్యూటీ ఉన్న దినం ప్యాకింగ్ లైన్ మీద నిలబడ్డంక ఎట్లనో గడిచిపోతది, వీక్లీ ఆఫ్ నాడే పాణం తీస్తది. రెండు అడగాలె. ఒకటి, మా షిఫ్టు ఇంచార్జికి చెప్పాలెనా? రెండోది, క్రికెట్‌కు పోదామంటే అందరు "ఏమైపోయినవ్ రా" అని అడుగుతరు, దానికి ఏం చెప్పాలె?


మిషన్ అక్క, నల్గొండ:

ఇంటామెకు చెప్త అన్నవ్, మంచిది. నాకు చెప్పినట్టు చెప్పకు, ఆమెకు భయమైతది. గోలీ ఎప్పుడు ఏస్కోవాలెనో, మల్లసారి డాక్టర్ దగ్గరికి ఎన్నడు పోవాలెనో ఆమె చేతిల పెట్టు. ఆమె ఎంబడి వస్తే ఇంకా మంచిది. డాక్టరమ్మ కాడ నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు సగం మర్చిపోయేదాన్ని.

క్రికెట్‌కు ఆడేటందుకు పోకు మొదలు. బాల్ తెచ్చిచ్చే టైంకు పో, ఒడిసేముందు వచ్చేయ్. "ఏమైపోయినవ్" అంటే "షిఫ్టులు రా, నిద్ర లేదు" అను. అబద్ధం కాదు గదా. పూర్తి నిజం ఎవలికి చెప్పాలెనో నువ్వే ఎంచుకో, గ్రౌండుల ఉన్న అందరికి నీ రోగం చిట్టా ఇప్పాల్సిన అవసరం లేదు. అడిగెటోళ్లు రెండుసార్లు అడిగి మర్చిపోతరు, వాళ్ల గొడవలు వాళ్లకున్నయ్.

వీక్లీ ఆఫ్ నాడు ఏం చేయాలెనో ముందురోజు రాత్రే రాసిపెట్టుకో. పొద్దుగాల ఒకటి, మధ్యాహ్నం అయినంక ఒకటి, చాలు. దాంట్ల ఒకటి నీకు ఇంతకుముందు ఇష్టముండేది, ఒకటి చేయకుంటే నెత్తి మీద ఉండేది. పాపను పిల్లలమర్రికి తీస్కపో ఒకటి, బ్యాంకు పాసుబుక్కు ఎంట్రీ చేపిచ్చుడు ఒకటి, గట్ల. మజా వస్తదని అనుకోకు, మొదట్ల రాదు. మజా రాకున్నా చేసినట్టే లెక్క.

ఇంచార్జి సంగతి నాకు తెల్వదు, నాకు నేనే ఇంచార్జి.


కొత్తూరు కంపెనీ మనిషి:

ఇంచార్జి మాట నేను చెప్త. నేను కొత్తూరు దిక్కు కంపెనీల చేస్త, నాది గూడ ఇదే కథ. నేను రోగం పేరు చెప్పలే, "ట్రీట్‌మెంట్ నడుస్తున్నది, రాత్రి మందు ఏస్కుంటున్న, కొన్ని వారాలు నైట్ షిఫ్టు వద్దు" అన్న. డాక్టర్ రాసిన చీటీ పెట్టిన. చీటీల గూడ రోగం పేరు రాయకుండ "నైట్ డ్యూటీ వద్దు" అని రాయమంటే రాసిస్తరు. ఇంచార్జి మంచోడైతే నేరుగ చెప్పు, లేకుంటే కంపెనీ డాక్టర్ ద్వారా పో. ఈఎస్‌ఐ (కార్మికుల సర్కారు బీమా) కోత ఉంటది గదా నీ జీతంల, దాంట్ల సిక్ లీవు పైసలు గూడ వస్తయ్, మందులు గూడ వస్తయ్. మనోళ్లు కట్టుడు కడ్తరు గాని వాడుకోరు.

కంపెనీ బస్సుల ముందు సీటు కోసం కొట్లాడకు. ఎనుక సీట్లనే కూసో, కుదుపులకు గుండె దడ ఏదో, రోడ్డు దడ ఏదో తెల్వదు.


జడ్చర్ల తమ్ముడు:

ఈఎస్‌ఐ కార్డు బీరువాల ఎక్కడనో ఉన్నది, ఎతుకుత. ఇంటామెకు చెప్పిన. ఏడ్వలే, "నాకు తెలుసు, నువ్వు చెప్తవని చూస్తున్న" అన్నది. వచ్చే అపాయింట్‌మెంట్‌కు వస్త అన్నది.

అక్కా, ఆ సాయంత్రం పుస్తకం సంగతి, రెండో షిఫ్టు వారంల సాయంత్రం నేను డ్యూటీల ఉంటగదా, అప్పుడెట్ల?


మిషన్ అక్క, నల్గొండ:

అయితే డ్యూటీకి పోయేముందు పెట్టుకో, మధ్యాహ్నం అన్నం తిన్నంక. టైం ఏదైనా గాని పండుకునే ముందు మాత్రం వద్దు. సగం పేజీ దాటనీయకు.